వినువానికిని ఒక పెద్ద కావలెను

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 18:13–26, అపొస్తలుల కార్యములు 18:24–28



మన ఊళ్లలో మనస్సునకు భారము కలిగినవాడు మొదట ఎవరియొద్దకు పోవును? కొందరు పాస్టరు ఇంటి తలుపు తట్టుదురు. స్త్రీలు బైబిలు స్త్రీతోనో, ఆశా కార్యకర్తతోనో చెప్పుకొందురు. పిల్లలు బడిపంతులుతో చెప్పుదురు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ పట్టణములకు పోయి, ఈ పనికొరకే చదువుకొన్న వైద్యులను, సలహాదారులను వెదకువారును ఇప్పుడు కలరు. ఇది మంచి మార్పు.

చెప్పుకొన్నవాడు కొంత తేలికపడి ఇంటికి పోవును. అయితే ఆ భారము ఎక్కడికి పోయెను? వినినవాని గుండెలో మిగిలెను. మరునాడు ఇంకొకటి వచ్చి దానిమీద పడును. ఇట్లు ఏండ్ల తరబడి వినుచున్నవాడు తన భారమును ఎవరితో చెప్పుకొనవలెను? అంతకంటె పెద్ద ప్రశ్న మరియొకటి కలదు. అతడు చెప్పిన సలహా సరియైనదో కాదో ఎవరు చూడవలెను? ఈ నెల పాఠము ఈ రెండు ప్రశ్నలను గూర్చినది.

రెండు వాక్యభాగములు

మొదటి భాగములో మోషే ఉదయము మొదలుకొని సాయంకాలము వరకు కూర్చుండి ప్రజల వ్యాజ్యెములు వినుచుండెను. అతని మామయైన యిత్రో వచ్చి ఆ దినమంతయు చూచెను. మోషే సోమరి అని ఆయన అనలేదు. అజ్ఞాని అనియు అనలేదు. ఇట్లు చేసినయెడల నీవును నలిగిపోదువు, నీయొద్దకు వచ్చు ప్రజలును నలిగిపోవుదురు అని తెలియజేసెను. ఈ రెండవ మాట గమనించుడి. వినువాడు అలసినయెడల నష్టము అతనికి మాత్రమే కాదు. క్యూలో నిలిచినవానికి కూడ నష్టమే.

మోషే ఎదుట పని ఎంత ఉన్నను, పని చేయుచున్న తన్ను తాను చూచుకొనుటకు అతనికి వీలు లేకపోయెను. దానికి బయటినుండి వచ్చిన కన్ను కావలసి వచ్చెను. ఆ కన్ను శత్రువుది కాదు, ఇంటి పెద్దది.

రెండవ భాగములో అపొల్లో కనబడుచున్నాడు. అలెక్సంద్రియలో పుట్టినవాడు, విద్వాంసుడు, వాక్చాతుర్యము గలవాడు. సమాజమందిరములో ధైర్యముగా మాటలాడుచుండెను. అయితే అతడు నేర్చుకొనవలసినది ఇంకను కొంత మిగిలియుండెను. అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు డేరాలు కుట్టువారు. వారు అతని మాట విని, పదిమందిలో అతనిని ఎదిరింపక, తమయొద్ద చేర్చుకొని మరింత పూర్తిగా బోధించిరి. విద్వాంసుడు డేరాలు కుట్టువారి మాట వినెను. అందువలన అతని పని తగ్గిపోలేదు. తరువాత అకయలో అతడు విశ్వాసులకు ఎంతో సహాయకుడాయెను.

మోషేకు కావలసినది భారము పంచుకొనుట. అపొల్లోకు కావలసినది జ్ఞానము పెంచుకొనుట. నేటి మానసిక చికిత్సకులు సూపర్‌విజన్, అనగా పర్యవేక్షణ, అని పిలుచు పనిలో ఈ రెండును ఉన్నవి.

పర్యవేక్షణ అనగా ఏమి?

ఈ మాట వినగానే తనిఖీ అధికారి, రిజిస్టరు, ఎర్ర సిరా మనకు జ్ఞాపకము వచ్చును. ఇది అట్టిది కాదు. మానసిక సలహాదారు తనకంటె అనుభవము గల ఒకరియొద్దకు, లేక తనవంటి కొందరి గుంపునకు, నియమించిన కాలమున పోయి, తానెవరిని చూచుచున్నాడో, ఏమి వినెనో, ఏమి చెప్పెనో, ఎక్కడ చిక్కుబడెనో వివరించును. వారు అతని పనిని పరిశీలింతురు. ఇది ఒక దినపు పని కాదు. అతడు ఈ వృత్తిలో ఉన్నంత కాలము జరుగవలసిన పని. బ్రిటన్ దేశపు సలహాదారుల సంఘము తన గుర్తింపు (అక్రెడిటేషన్) పొందిన సభ్యులకు నెలకు కనీసము గంటన్నర పర్యవేక్షణ ఉండవలెనని నియమించినది. క్రొత్తవారికి మాత్రమే కాదు, తల నెరసిన వారికిని అదే నియమము.

ఇందులో మూడు పనులు జరుగునని ఈ విషయమును బోధించువారు చెప్పుదురు. మొదటిది, కాపుదల. రోగికి కీడు కలుగకుండ, హద్దులు దాటకుండ చూచుట. రెండవది, నేర్పు. తెలియనిది తెలిసికొనుట, తెలిసినదానిని సరిచేసికొనుట. మూడవది, ఆదరణ. వినువాని గుండెలో పేరుకొన్న దుఃఖమును దించుట.

మేస్త్రీని చూడుడి. ముప్పది ఏండ్లు గోడలు కట్టినవాడైనను మట్టపుగుండును ప్రక్కన పెట్టడు. నా కన్నే చాలును అని గుండు వేయకుండ కట్టిన గోడ కొంత ఎత్తు వరకు బాగుగనే కనబడును. పైకి పోయిన కొలది వంకర తెలియును. ఆమోసు ప్రవక్త దర్శనములో చూచినది ఈ మట్టపుగుండే. గుండు వేయుట మేస్త్రీకి అవమానము కాదు. ఆ ఇంటిలో కాపురముండువారికి అది రక్షణ.

ఒక దృష్టాంతము

ఇది బోధకొరకు కల్పించి చెప్పుచున్నదే గాని యెవరి ఇంటి కథయు కాదు. ఒక కౌలు రైతు ఉన్నాడనుకొందము. రెండేండ్లు పత్తి చేతికి రాలేదు. అప్పు పెరిగినది. నిద్ర లేదు, అన్నము సహింపదు, పిల్లలతో మాట లేదు. భార్య అతనిని ఒక సలహాదారు యొద్దకు తీసికొనిపోయెను. ఆ సలహాదారు దయగలవాడు. గంటసేపు వినెను, ధైర్యము చెప్పెను, వచ్చే వారము రమ్మనెను.

తరువాత అతడు తన పర్యవేక్షకురాలితో ఈ సంగతి చెప్పుచుండగా ఆమె అడిగెను: చచ్చిపోవలెనను తలంపు కలదా అని అతనిని అడిగితివా? లేదమ్మా, అడిగినయెడల లేని తలంపు పుట్టించినట్లగునని ఊరకుంటిని అని అతడనెను. ఆమె అతనిని గద్దింపలేదు. ఈ భయము అనేకులకు కలదని, అయితే మృదువుగా నేరుగా అడుగుట వలన ఆ తలంపు పుట్టదని పరిశోధనలు చూపినవని చెప్పెను. అడుగబడినవాడు తరచుగా ఊరట పొందును. ఇన్ని దినములకు ఒకడు ఈ మాట అడిగెనని తలంచును. మరియు ఇంటిలో పురుగుమందు డబ్బా ఎక్కడ ఉన్నదో, దానిని ఎవరు దాచగలరో భార్యతో మాటలాడుమనెను. వచ్చే వారము వరకు ఆగవద్దు, నేడే ఫోను చేయుము అనెను.

పిమ్మట ఆమె ఇంకొక మాట అడిగెను: అతడు అప్పు సంగతి చెప్పుచుండగా నీవు తొందరగా మాట మార్చినట్లున్నది, ఎందుచేత? సలహాదారు కొంతసేపు ఊరకుండి, తన తండ్రియు అప్పులపాలై మరణించెనని చెప్పెను. ఎదుటివాని గాయము తన పాత గాయమును తాకెను. అందుచేత అతడు ఆ చోటు దాటి త్వరగా నడిచిపోయెను. ఒంటరిగా నున్నయెడల ఈ సంగతి అతనికి ఎన్నటికిని తెలియకపోవును.

చూచితిరా? కాపుదల, నేర్పు, ఆదరణ, మూడును ఒక్క సంభాషణలో జరిగినవి. అక్కడ లేని ఆ కౌలు రైతు ప్రాణమునకు దానివలన కాపుదల కలిగెను.

ఈ పద్ధతి ఎట్లు పుట్టెను?

1920లో జర్మనీ దేశపు బెర్లిన్ పట్టణములో మనోవిశ్లేషణ శిక్షణ కొరకు ఒక సంస్థ ఏర్పడెను. అక్కడ విద్యార్థికి పాఠములు వినుట చాలదని, పెద్దల పర్యవేక్షణలో రోగులను చూడవలెనని నియమము ఏర్పడెను. తరువాత 1940 ప్రాంతమున అమెరికాలో కార్ల్ రోజర్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రోగితో జరిగిన సంభాషణలను గ్రామఫోను పలకల మీద ఎక్కించి, శిష్యులతో కూడ విని పరిశీలించెను. మనము చెప్పితిమనుకొన్నదియు, నిజముగా చెప్పినదియు వేరని ఆ పలకలు చూపెను.

పాస్టరులకు సంబంధించిన సంగతియు ఒకటి కలదు. ఆంటన్ బాయ్‌సెన్ అను అమెరికా పాదిరిగారు స్వయముగా మానసిక వ్యాధితో ఆసుపత్రిలో ఉండి స్వస్థతపడినవాడు. ఆయన 1925లో మసాచుసెట్స్ రాష్ట్రములోని వూస్టర్ మానసిక ఆసుపత్రికి వేదాంత విద్యార్థులను తీసికొనిపోయి, పుస్తకములను చదివినట్లే బాధలో ఉన్న మనుష్యులనుకూడ శ్రద్ధగా చదువవలెనని నేర్పెను. ఆ మార్గములోనే, రోగిని దర్శించి వచ్చిన విద్యార్థి తానేమనెనో రోగి యేమనెనో ఉన్నదున్నట్లు కాగితము మీద వ్రాసి గురువునకు చూపు అలవాటు ఏర్పడెను. ఖరీదు ఒక కాగితము, ఒక పెన్సిలు. మన వంటి పల్లెలకు ఇంతకంటె తగిన పద్ధతి లేదు.

అనుభవము చాలదా?

ఇరువది ఏండ్లనుండి చేయుచున్నాము, ఇంకెవరు మాకు నేర్పవలెను అని అనువారు కలరు. వారు ఈ సంగతి ఆలోచింపవలెను. 2016లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 170 మంది చికిత్సకులు, వారు చూచిన 6,500కు పైగా రోగుల లెక్కలు పరిశీలింపబడినవి. సంవత్సరములు గడచిన కొలది రోగులు పొందు మేలు సగటున పెరుగలేదు. కొంచెము తగ్గెను కూడ. కొందరు చికిత్సకులు మెరుగుపడిన మాట నిజమే. అయితే ఏండ్లు గడచుట చేతనే నైపుణ్యము పెరుగునను నమ్మకమునకు ఆధారము దొరకలేదు.

2012లో మరియొక పరిశీలన ప్రకటింపబడెను. 129 మందిని, మీ పని మీతోటివారి పనితో పోల్చిన ఎట్లున్నది అని అడిగిరి. సగటుకంటె తక్కువ అని చెప్పినవాడు ఒక్కడును లేడు. అందరును సగటుకంటె మించినవారు ఎట్లు కాగలరు? మనుష్యుడు తన ముఖమును అద్దము లేక చూచుకొనలేడు.

మరి మెరుగుపడుటకు మార్గము లేదా? కలదు. అదే 2016లో కెనడా దేశపు సలహా కేంద్రమొకదానిని గూర్చి వేరొక నివేదిక వెలువడెను. అక్కడివారు ప్రతి రోగిని నీకు మేలుగా నున్నదా అని తప్పక అడిగి లెక్క వ్రాసిరి. మేలు కనబడనివారిని గూర్చి పెద్దలతో ఆలోచించిరి. కష్టమైన భాగములను మరల మరల అభ్యసించిరి. ఏడేండ్లలో అక్కడి చికిత్సకుల పని సంవత్సరము వెంబడి సంవత్సరము కొంచెము కొంచెముగా మెరుగుపడెను. ఏండ్లు గడచుట రెండు చోట్లను ఒకటే. అద్దము ఉన్నచోట పెరుగుదల కలిగెను.

మన దేశములో

మన తెలుగు క్రైస్తవులకు వేలూరు తెలియనిది కాదు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల వారి మానసిక ఆరోగ్య కేంద్రము 1957లో ఫ్లోరెన్స్ నికల్స్ అను వైద్యురాలి పూనికతో మొదలాయెను. రోగిని ఇంటివారినుండి వేరు చేయక, బంధువులనుకూడ అతనితో ఉండనిచ్చుట అక్కడి విశేషము. బెంగళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడెను. అదియే 1974లో నిమ్హాన్స్ ఆయెను. 1992 నాటి చట్టము క్రింద క్లినికల్ సైకాలజిస్టుల పేర్లు రిజిస్టరులో చేర్చు ఏర్పాటు కలిగెను. ఆ రిజిస్టరులో చేరుటకు ప్రధాన మార్గమైన చదువులో, విద్యార్థి రెండు సంవత్సరములు గురువుల కన్నుల యెదుట రోగులను చూచుచు నేర్చుకొనవలసి యుండెను.

అయితే ఇంత చదివినవారు ప్రతి మండలమునకు దొరకరు. కాబట్టి గోవాలో సంగాత్ అను సంస్థ వేరొక మార్గము చూపెను. మానసిక వైద్యము ఎన్నడును చదువని స్థానికులను ఎన్నుకొని, శిక్షణ నిచ్చి, 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో తీవ్రమైన దిగులుతో బాధపడుచున్న 495 మంది విషయమున పరిశోధన జరిపిరి. 2017లో ఫలితములు ప్రకటింపబడెను. మామూలు వైద్యముతోపాటు ఈ సలహాయు పొందినవారిలో మూడు నెలలకు 100కు 64 మంది దిగులునుండి తేరుకొనిరి. మామూలు వైద్యము మాత్రమే పొందినవారిలో 39 మంది.

చదువులేని పని అని తలంచవద్దు. ఆ సలహాదారులు ఒకరి సంభాషణ రికార్డులను మరియొకరు విని, మార్కులు వేసి, గుంపుగా కూర్చుండి చర్చించిరి. ఇట్లు తోటివారు వేసిన మార్కులు నిపుణులు వేసిన మార్కులకు దగ్గరగానే ఉండెనని తేలెను. ఒకరి పనిని ఒకరు ప్రేమతో చూచుకొను అలవాటు వారికి గొప్ప బలము.

మన ప్రక్కనే పశ్చిమ గోదావరి జిల్లాలోను, 2014 తరువాతి సంవత్సరములలో 42 గ్రామములలో ఆశా కార్యకర్తలు ఇంటింటికి పోయి దిగులు, ఆందోళన, ఆత్మహత్య తలంపు గలవారిని గుర్తించు ప్రయత్నము జరిగెను. ఆశా కార్యకర్త తానే తీర్పు చెప్పలేదు. ఆమె గుర్తించినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడు చూచెను. అటుపిమ్మట ఆమె వారి క్షేమము విచారించెను. గొలుసులో ఒక్క కడియముగా ఆమె నిలిచెను. మొత్తము గొలుసు ఆమె మెడలో వేయబడలేదు.

గుట్టు సంగతి

ఇక్కడ తెలివిగలవారు ఒక ప్రశ్న అడుగుదురు. నేను రహస్యముగా చెప్పిన మాటను సలహాదారు మరియొకరితో చెప్పుట న్యాయమా? మంచి ప్రశ్న. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగి రహస్యమును కాపాడవలెనని ఆజ్ఞాపించినది. చికిత్స నిమిత్తము ఇతర చికిత్సకులతో మాటలాడుట, ప్రాణాపాయమును తప్పించుట వంటి కొద్ది సందర్భములను మాత్రమే మినహాయించినది. సలహాదారు మొదటి దినమే రోగితో, నా పనిని ఒక పెద్ద చూచుచుండును, మీ పేరు ఆయనకు చెప్పను అని తెలియజేయవలెను.

పట్టణములో పేరు దాచిన చాలును. పల్లెలో చాలదు. ఫలాని ఊరిలో బోరు ఎండిన రైతు, ఇద్దరు ఆడపిల్లలు అనగానే ఎవరో మనకు తెలిసిపోవును. కాబట్టి ఊరు, కులము, వృత్తి, పిల్లల సంఖ్య మార్చి చెప్పవలెను. పర్యవేక్షించు పెద్దను వేరే మండలమునుండి ఎన్నుకొనుట మరింత క్షేమము. ప్రార్థన మనవి అను పేరుతో ఒకరి ఇంటి దుఃఖమును కూడికలో బయటపెట్టుట పర్యవేక్షణ కాదు, అది నమ్మకద్రోహము.

మనము చేయదగినవి

మొదటిది, పాస్టరులము, ఉపదేశులము, బైబిలు స్త్రీలము వైద్యులము కాము. అయినను వినువారమే. కోదాడ, హుజూర్‌నగర్, మునగాల ప్రాంతముల వారము ముగ్గురు నలుగురము నెలకొకసారి కూడుకొనుట అసాధ్యము కాదు. ఒక్కొక్కరు ఒక్క సంభాషణను పేరు లేకుండ వ్రాసి తేవలెను. తక్కినవారు మూడు ప్రశ్నలు అడుగవలెను: ఎదుటివాడు నిజముగా ఏమి చెప్పెను? మనము దేనిని వినలేదు? ఇది వైద్యుని చేతికి అప్పగింపవలసిన సంగతియా? సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది. అక్కడి ఆసుపత్రికి ఎవరిని, ఎప్పుడు పంపవలెనో వైద్యులయొద్ద ముందే తెలిసికొనుట మంచిది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ వారి 14416 నంబరునకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడవచ్చును. ఇది ప్రతి మందిరపు గోడమీద ఉండవలెను.

రెండవది, సంఘస్థులారా, మీ పాస్టరు ఆ దినమున ఊరిలో లేనియెడల తిరుగుటకు పోయెనని అనవద్దు. బస్సు చార్జీ ఇచ్చి పంపుడి. తిరిగి వచ్చిన తరువాత ఎవరి సంగతి మాటలాడితిరి అని అడుగవద్దు.

మూడవది, మీలో ఎవరైనను పట్టణములో మానసిక సలహాదారు యొద్దకు పోయినప్పుడు ఫీజు అడిగినట్లే ఈ మాటలును అడుగుడి: అయ్యా, మీరు ఏమి చదివితిరి? మీ పనిని ఎవరైన పెద్దలు చూచుచున్నారా? మాకు మేలు కానియెడల ఎవరియొద్దకు పంపుదురు? మంచి సలహాదారు ఈ ప్రశ్నలకు కోపపడడు. అందరి రోగములు నేనే కుదుర్చుదును, నాకెవరును పెద్ద లేరు అనువానియొద్ద జాగ్రత్తగా ఉండుడి.

నాలుగవది, ఎర్రగడ్డకు పంపవలెను అని ఎగతాళి చేయు అలవాటును మన నోళ్లనుండి తీసివేయుదము. ఆ ఎగతాళికి భయపడి రోగి దాగుకొనును. వినువాడును తనకు అలసట కలిగెనని చెప్పుటకు అదే ఎగతాళికి భయపడును.

ప్రియులారా, యిత్రో మాట వినినందున మోషే చిన్నవాడు కాలేదు. అకుల, ప్రిస్కిల్లల ఇంట కూర్చుండినందున అపొల్లో చిన్నవాడు కాలేదు. మన దుఃఖము వినువారు ఎవరైనను, పాస్టరు గాని, ఆశా కార్యకర్త గాని, పెద్ద చదువులు చదివిన చికిత్సకుడు గాని, వారికిని ఒక పెద్ద ఉండునట్లు చూచుదము. అట్లు చేసినయెడల రేపు తలుపు తట్టువానికి అలసిపోని చెవియు, సరిచూడబడిన మాటయు దొరకును.

కూడికలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. యిత్రో చెప్పిన నష్టము మోషేకు మాత్రమేనా? మరి యెవరికి?

2. అకుల, ప్రిస్కిల్ల అపొల్లోను ఎక్కడ, ఎట్లు సరిచేసిరి? మనము ఒకరినొకరము అట్లు సరిచేయుచున్నామా?

3. మన ఊరిలో పదిమంది దుఃఖము వినుచున్నవారెవరు? వారు తమ భారమును ఎవరితో చెప్పుకొనుచున్నారు?

4. 14416 నంబరు మన మందిరములో అందరికి కనబడుచోట వ్రాయబడెనా?